ఎవరి పని ఏది, ఎవరి మాట ఎప్పుడు: జడ్చర్ల పట్టభద్రులకు స్నాతకోత్సవ ప్రసంగం

రెయిడ్ అంటే ఒక్కడు ఎంత మొనగాడైనా ఒంటరిగా గెలవలేని పోరు. ఆన్‌లైన్ ఆటల్లో జట్టంతా కలిసి ఒక మహా శత్రువును, గేమర్ల మాటలో ‘బాస్’ను, పడగొట్టడానికి దిగడాన్ని రెయిడ్ అంటారు. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో డజన్ల కొద్దీ ఆటగాళ్లు కలిసి ఒక డ్రాగన్ మీద పడేవారు. 2004 నవంబరులో విడుదలైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో పెద్ద రెయిడ్ జట్టుకు 40 మంది ఉండేవారు. 2007లో ఆ సంఖ్య 25కూ 10కీ దిగింది. 2014లో వచ్చిన డెస్టినీలో ఆరుగురే. మనుషులు తగ్గినా కష్టం తగ్గలేదు. ఈ ఆటలో అసలు పరీక్ష శత్రువు బలానికి కాదు, జట్టు పొందికకు. పట్టా చేతబట్టుకుని కొలువుల్లోకి వెళ్లేవారికి పనికొచ్చే సంగతి కూడా అదే.

రెయిడ్‌లో పాత్రలు ప్రధానంగా మూడు. ట్యాంక్ ముందు నిలబడి బాస్ దెబ్బలను తన మీద వేసుకుంటాడు. హీలర్ దెబ్బతిన్నవారి ప్రాణం నిలబెడతాడు. డీపీఎస్ అని పిలిచే మూడో వర్గం శత్రువును కొట్టే పని చూస్తుంది. ఫైనల్ ఫాంటసీ 14లో ఎనిమిది మంది జట్టుకు ఇద్దరు ట్యాంకులు, ఇద్దరు హీలర్లు, నలుగురు డీపీఎస్ అన్నది స్థిరపడిన కూర్పు. ట్యాంక్ తన ప్రాణం సంగతి హీలర్‌కు వదిలేస్తాడు. శత్రువు తన వైపు రాడన్న ధీమాతో హీలర్ పని చేసుకుంటాడు. డీపీఎస్ ఆటగాడు ఉత్సాహం పట్టలేక మొదట్లోనే జోరుగా కొడితే బాస్ ట్యాంకును వదిలి అతని మీదికి తిరుగుతాడు. అతను పడిపోతాడు, వెంట మరికొందరినీ పడేస్తాడు. కాబట్టి రెయిడ్‌లో తన పని బాగా చేయడమంటే పక్కవాడి పని చెడకుండా చేయడం.

పాత్రలు ముందే తేలిపోతే సగం మాటలు అక్కర్లేదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లోని మోల్టెన్ కోర్ అనే తొలినాటి 40 మంది రెయిడ్‌లో బారన్ గెడన్ అనే బాస్ ఉంటాడు. అతను జట్టులో ఎవరో ఒకరి మీద ‘లివింగ్ బాంబ్’ వేస్తాడు. కొన్ని సెకన్లలో ఆ ఆటగాడు పేలుతాడు, దగ్గరున్నవారికీ దెబ్బ తగులుతుంది. చేయాల్సిందల్లా బాంబు పడ్డవాడు గుంపును వదిలి దూరంగా పరుగెత్తడమే. మిగిలిన 39 మంది తమ పని ఆపకూడదు. ఎవరికి ఏ క్షణంలో ఏం వచ్చినా ఎటు పోవాలో ముందే అనుకుని ఉంటారు కనుక ఆ సమయంలో చర్చ ఉండదు. ఇద్దరు ట్యాంకులు బాస్‌ను ఒకరి నుంచి ఒకరు అందుకునే పద్ధతీ ఇలాంటిదే. మొదటి ట్యాంక్ మీద బాస్ శాపం పేరుకుని ఒక హద్దుకు చేరగానే రెండోవాడు బాస్‌ను తన వైపు తిప్పుకోవాలి. తొందరపడితే ఇద్దరి మీదా శాపం ఉంటుంది, ఆలస్యమైతే మొదటివాడు పోతాడు.

మరి మాట ఎక్కడ కావాలి? డెస్టినీలోని వాల్ట్ ఆఫ్ గ్లాస్ దీనికి చక్కని ఉదాహరణ. చివరి పోరాటంలో ఏథియాన్ అనే బాస్ ఆరుగురిలో ముగ్గురిని గతంలోకో భవిష్యత్తులోకో విసిరేస్తాడు. వాళ్లు వెనక్కి రావాలంటే బయట ఉన్న ముగ్గురు సరైన ద్వారం తెరవాలి. ఏ కాలంలో పడ్డారో లోపలివారికే కనిపిస్తుంది, ద్వారం మాత్రం బయటివారి చేతిలో ఉంటుంది. లోపలి నుంచి ఒక్క మాట రావాలి: గతమా, భవిష్యత్తా? ముగ్గురూ ఒకేసారి అరిస్తే ఏమీ వినపడదు. ఎవరూ నోరు విప్పకపోతే ద్వారం తెరుచుకోదు. అందుకే అనుభవమున్న జట్లు ఆ మాట చెప్పే మనిషిని ముందే నిర్ణయించుకుంటాయి.

తెలుగు ఊళ్లలో జట్టు ఆట ఎక్కువగా ఫోన్ మీద పెరిగింది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీ మొబైల్‌ను నిషేధించింది. 2021 జులైలో దాని స్థానంలో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) వచ్చింది. ఇది బాస్ మీద పోరు కాదు, నలుగురి స్క్వాడ్ ఇతర స్క్వాడ్‌లతో తలపడే ఆట. అయినా సమన్వయం తీరు ఒక్కటే: ఆదేశాలిచ్చే ఐజీఎల్, ముందుకు దూకే అసాల్టర్, వెనక నుంచి ఆదుకునే సపోర్ట్, దూరం నుంచి గురిపెట్టే స్నైపర్. ‘అరే, అక్కడున్నరు, అక్కడ!’ అని ఒకడు అరిస్తే మిగతా ముగ్గురికీ ఏమీ అర్థం కాదు. ‘165, రాయెనక ఇద్దరు, ఒకడు నాక్’ అంటే దిక్కు, చోటు, లెక్క, పరిస్థితి నాలుగూ తెలిసిపోతాయి. 165 అన్నది స్క్రీన్ పైభాగాన కనిపించే దిక్సూచి అంకె, నాక్ అంటే దెబ్బతిని కూలినవాడు. తనకు కనిపిస్తూ ఎదుటివాడికి కనిపించనిది చెప్పడమే సమాచారం, మిగిలింది గోల.

వినకుండా దూకేవాడి సంగతి 2005లో ఒక వీడియోలో లోకమంతా చూసింది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ జట్టు ఒకటి లెక్కలు వేసుకుంటూ చర్చిస్తుండగా, అప్పటిదాకా కీబోర్డు దగ్గర లేని ఆటగాడు వచ్చీరాగానే తన పేరు ‘లీరాయ్ జెన్‌కిన్స్’ అని అరుస్తూ లోపలికి పరుగెత్తుతాడు, జట్టంతా చస్తుంది. ఆ వీడియో నవ్వించడానికి ముందే అనుకుని తీసిందే. కానీ అందులో ఎగతాళికి గురైంది లీరాయ్ ఒక్కడే కాదు, అంతూపొంతూ లేని చర్చ కూడా.

జట్టంతా పడిపోవడాన్ని ‘వైప్’ అంటారు. కష్టమైన బాస్ ముందు పేరుమోసిన గిల్డులు, అంటే ఆటగాళ్ల స్థిర సంఘాలు, కూడా వందలసార్లు వైప్ అవుతాయి. ప్రతిసారీ ఏ క్షణంలో ఏం తప్పిందో రికార్డు తీసి చూసుకుంటాయి. ‘ఎవడి వల్ల పోయాం’ అని మొదలుపెట్టిన జట్టులో మాటలు ఆగిపోతాయి. ‘ఎక్కడ పోయాం’ అని అడిగిన జట్టు మెరుగుపడుతుంది. గెలిచాక దక్కిన సొత్తు పంపకమూ సమన్వయంలో భాగమే. ఎవర్‌క్వెస్ట్ ఆటగాళ్లు ఇందుకోసం ‘డ్రాగన్ కిల్ పాయింట్లు’ అనే పద్ధతి కనిపెట్టారు. రెయిడ్‌కు వచ్చినందుకు పాయింట్లు వస్తాయి, వస్తువు తీసుకుంటే ఖర్చవుతాయి. పంపకం న్యాయంగా లేని జట్టు బాస్ చేతిలో కన్నా ముందు తనలో తానే ఓడిపోతుంది.

జట్టుగా ఆడే అవసరం నుంచి పరిశ్రమలే పుట్టాయి. ఆటగాళ్లు మాట్లాడుకోవడానికి 2015లో మొదలైన డిస్కార్డ్ నేడు తరగతులకూ సంఘాలకూ వేదికైంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ను నడిపే యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ కొనుగోలు చేసింది. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవారు. అయితే జట్టు ఆట వేరు, జూదం వేరు. ఆన్‌లైన్ రమ్మీ మీద తెలంగాణ 2017లోనే వేటు వేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఈ-స్పోర్ట్స్‌ను గుర్తిస్తూనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది.

జడ్చర్ల పట్టభద్రుల్లో పలువురికి ఈ పాఠం అక్కరకొచ్చే చోటు ఊరి పక్కనే ఉంది. పోలేపల్లి సెజ్‌లోని మందుల కంపెనీల్లో పని షిఫ్టుల మీద నడుస్తుంది. రాత్రి షిఫ్టు దిగేవాడు యంత్రం ఏ స్థితిలో ఉందో, ఏ బ్యాచ్ ఎక్కడ ఆగిందో, ఏది ఇంకా శుభ్రం కాలేదో పొద్దున వచ్చేవాడికి అప్పగించి వెళ్లాలి. ఒక ట్యాంక్ నుంచి మరో ట్యాంక్ బాస్‌ను అందుకునే ఘడియ లాంటిదే ఇది, ఒక తేడాతో. ఆటలో వైప్ అయితే రెండు నిమిషాల్లో మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఇక్కడ బ్యాచ్ పాడైతే నష్టం నిజం, మందు తేడా వస్తే ముప్పు రోగికి. అందుకే నోటిమాట చాలదు, రాత కావాలి. రికార్డులో లేని పని జరగనట్టే లెక్క అన్నది ఆ రంగంలో ప్రతివాడికీ తెలిసిన నియమం.

డిగ్రీ ఒక మనిషికి వచ్చిన విద్యను ధ్రువీకరిస్తుంది. పదిమందిలో పనిచేసే విద్యకు మార్కుల జాబితా లేదు. కొత్త కొలువులో చేరే ప్రతి పట్టభద్రుడూ పట్టభద్రురాలూ మొదటి వారంలోనే మూడు సంగతులు తేల్చుకోవాలి: తన పని ఏది, తన తర్వాత ఆ పని అందుకునేది ఎవరు, తనకు మాత్రమే కనిపించేది ఎవరికి చెప్పాలి. అవి తెలిసినవారే జట్టుకు బలం.