ఇరుకు ప్యాసేజ్ అందంగా ఉండాలి, నానమ్మ వాకర్ కూడా తిరగాలి

ఈ ఎపిసోడ్ మన కొల్లూరు గురించే. సంగారెడ్డి జిల్లా కొల్లూరండీ, కోహినూర్ దొరికిందని చెప్పుకునే కొల్లూరు కాదు. అది పల్నాడు వైపు. ఇక్కడ వజ్రాల్లేవు, అపార్ట్‌మెంట్లున్నాయి.

పోయిన వారం ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో ఫొటోలు పంపాడు. పటాన్‌చెరులో షిఫ్ట్ డ్యూటీ, ఇక్కడ అద్దె ఫ్లాట్. హాల్ నుంచి బెడ్రూములకి వెళ్లే ప్యాసేజ్ ఉంది కదా, దాని ఫొటోలు. తెల్ల గోడలు, మధ్యలో ఒక ట్యూబ్‌లైట్, అంతే. "అన్నా, హాస్పిటల్ లెక్క ఉంది, ఏదన్న చెప్పు" అన్నాడు. తనకి నచ్చిన రీల్ కూడా పెట్టాడు. అందులో గోడ పక్కన సన్నటి టేబుల్, దాని మీద ల్యాంప్, ఒక పెద్ద కుండీ, నేల మీద పొడుగాటి కార్పెట్. బాగుంది. కానీ మెసేజ్ చివర్లో ఇంకో లైన్ రాశాడు: "నానమ్మ మాతోనే ఉంటది, వాకర్ పట్టుకొని నడుస్తది."

అసలు విషయం అదే అని నాకనిపించింది. అందుకే ముందు కొలతలు అడిగాను.

ప్యాసేజ్ పొడవు 11 అడుగులు, వెడల్పు 40 అంగుళాలు. రీల్‌లో ఉన్నలాంటి టేబుల్ 14 అంగుళాల లోతు ఉంటుందనుకుందాం. 40లో 14 తీసేస్తే మిగిలేది 26. నానమ్మ వాకర్ కాళ్ల మధ్య వెడల్పు 25 అంగుళాలు. ఇక ఆమె చేతులు, మోచేతులు ఎక్కడ పెట్టాలి? అర్ధరాత్రి బాత్రూంకి లేచిన మనిషి ఆ టేబుల్ కోసం పక్కకి తిరగాలా? వీల్‌చైర్ కోసం దారి కనీసం 900 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 36 అంగుళాలు ఉండాలంటారు. ఆ లెక్కన ఈ ప్యాసేజ్‌లో మనకి మిగిలింది 4 అంగుళాలు. రెండు వైపులా వాడితే తలా రెండు.

కాబట్టి నేల జోలికి పోవద్దు. టేబుల్ వద్దు, కుండీ వద్దు, కార్పెట్ అసలే వద్దు. వాకర్ కాలికి కార్పెట్ అంచు తగిలితే మనిషి కింద పడుతుంది. మనం వాడుకోవాల్సింది గోడల్ని, వెలుతురుని.

ముందు లైట్. నా దృష్టిలో సగం పని ఇదే. హాస్పిటల్ లాగా కనిపించడానికి కారణం గోడలు కాదు, ఆ ట్యూబ్‌లైట్. ఎల్‌ఈడీ డబ్బా మీద 6500 కెల్విన్ అని ఉంటే అది నీలం కలిసిన తెలుపు. 3000 కెల్విన్ అని ఉన్నది తీసుకోండి, పసుపు ఛాయ ఉంటుంది. ఇంకోటి, మోషన్ సెన్సర్ ఉన్న రీఛార్జబుల్ లైట్లు దొరుకుతాయి. డ్రిల్లింగ్ అక్కర్లేదు, అతికించేయొచ్చు. గోడ మీద నేల నుంచి ఒక అడుగు ఎత్తులో రెండు పెట్టండి. నానమ్మ లేచి అడుగు వేయగానే నేల కనిపిస్తుంది, కళ్లలోకి లైట్ కొట్టదు. సొంత ఇల్లయితే రెండు చివర్లా టూ-వే స్విచ్ పెట్టించండి, ఈ కొసన వేసి ఆ కొసన ఆపొచ్చు. బిల్డర్లు మెట్ల దగ్గర పెడతారు, ప్యాసేజ్‌లో ఎందుకో మర్చిపోతారు!

తర్వాత రంగు. పొడుగు గోడలు రెండూ పైన లేతగానే ఉండనివ్వండి. ఎదురుగా కనిపించే చివరి గోడ ఉంది చూశారూ, దానికి ముదురు రంగు వేయండి. ముదురు గోడ కంటికి దగ్గరగా వచ్చినట్టుంటుంది, సొరంగం ఫీలింగ్ తగ్గుతుంది. ఆ గోడ దాదాపు 32 చదరపు అడుగులే. రెండు కోట్లకి లీటర్ డబ్బా ఎక్కువే. అద్దె ఇల్లు కాబట్టి ఓనర్‌ని ముందే అడగండి. ఖాళీ చేసేటప్పుడు మళ్లీ తెల్లగా వేసిస్తామని చెబితే చాలామంది ఒప్పుకుంటారు.

ఏ రంగు? మన ఊళ్లలో పాత ఇళ్లు గుర్తు తెచ్చుకోండి. గోడకి సున్నం, కింద జాజు పట్టీ, దాని మీద తెల్ల ముగ్గు గీతలు. దీన్నే ఇప్పుడు డిజైనర్లు ఇంకో పేరు పెట్టి డబ్బులు తీసుకుని చెబుతున్నారు. మనోళ్లు ఊరికే పెట్టలేదు. చేతి మరకలు, కాలి దుమ్ము, వాన తుంపర పడేది గోడ కింది భాగానికే. ప్యాసేజ్‌లోనూ అంతే, వాకర్ తగిలేది కిందే. మూడడుగుల ఎత్తు దాకా ఆ ఎర్రమట్టి రంగులో, తడిగుడ్డతో తుడిస్తే పోయే పెయింట్ వేయండి. చివరి గోడకీ అదే రంగు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన పార్ట్. గోడకి ఏం తగిలించాలి? పెద్ద పెద్ద కాన్వాస్‌లు హాల్‌కి పనికొస్తాయి. ప్యాసేజ్‌లో వెనక్కి జరిగి చూసే చోటు లేదు కదా, మన ముఖానికి బొమ్మకి మధ్య మూరెడు దూరమే. అందుకే చిన్నగా, వివరాలు ఎక్కువగా ఉన్న బొమ్మలు కావాలి. నా సమాధానం చేర్యాల బొమ్మలు. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది, అక్కడి నకాషీ కళాకారులు గీస్తారు. ఖాదీ బట్టకి చింతగింజల పేస్టు, తెల్లమట్టి లాంటివి పూసి, ఎర్రటి బ్యాక్‌గ్రౌండ్ మీద బొమ్మలు వేస్తారు. జీఐ గుర్తింపు కూడా ఉంది. అసలు ఇవి గోడకి తగిలించడానికి పుట్టినవి కావు. పొడవాటి చుట్టలు. కథ చెప్పేవాళ్లు ఊరూరా తిరుగుతూ, చుట్ట విప్పుకుంటూ, ఒక్కో బొమ్మ చూపిస్తూ కథ నడిపేవాళ్లు. పద్మశాలీలకి మార్కండేయ పురాణం, ఇంకో కులానికి ఇంకో పురాణం. అంటే అప్పుడు బొమ్మ కదిలేది, జనం కూర్చునేవాళ్లు. ప్యాసేజ్‌లో బొమ్మలు ఆగి ఉంటాయి, మనం కదులుతాం. ఒకే కథలోని ఐదారు చిన్న ఫ్రేములు వరసగా పెట్టి చూడండి, నడిచినంతసేపూ కథ నడుస్తుంది. శిల్పారామంలో, గోల్కొండ హస్తకళల షోరూంలలో దొరుకుతాయి. ఒకేసారి కొనక్కర్లేదు, నెలకొకటి తెచ్చుకోండి.

ఫ్రేము మందం అంగుళం లోపే ఉండాలి. గ్లాస్ బదులు అక్రిలిక్ వేయించండి. ఎత్తు విషయంలో ఇంటర్నెట్‌ని కాదు, నానమ్మని అడగండి. వాకర్ మీద వంగి నడిచే మనిషి కంటికి అందేలా ఒక జానెడు కిందికి పెట్టండి.

వరంగల్ డర్రీ ఉంటే? దానికీ జీఐ ఉంది, చాలా బాగుంటుంది. పరచకండి, చివరి గోడకి వేలాడదీయండి. అద్దం పెట్టాలనుకుంటే చివర్లో వద్దు, ప్యాసేజ్ ఇంకా పొడుగ్గా కనిపిస్తుంది. పక్క గోడకి, కిటికీ వెలుతురు వచ్చే బెడ్రూం గుమ్మానికి ఎదురుగా పెడితే పగలు లైట్ అక్కర్లేదు.

మేకుల గురించి ఒక మాట. ఇక్కడ కొత్త టవర్లలో చాలా వాటికి ఇటుక గోడలుండవు, మొత్తం కాంక్రీటే. స్టీల్ మేకు వంగిపోద్ది, హ్యామర్ డ్రిల్ కావాలి. స్విచ్‌బోర్డుకి నిలువుగా పైనా కిందా ఎక్కడా రంధ్రం పెట్టొద్దు, వైర్లు అటే పోతాయి. అతికించే హుక్కులు సున్నం రాలే గోడ మీద నిలవవు, ఫ్రేము పట్టుకుని గోడ పొరతో సహా వచ్చేస్తాయి.

చాలామంది చేసే ఇంకో పని, లోపల చోటు లేదని చెప్పుల స్టాండ్, కుండీలు, సైకిల్ తలుపు బయట కారిడార్‌లో పెట్టేయడం. మన పక్కనే డబుల్ బెడ్రూం కాలనీ ఉంది. 2023 జూన్ 22న ఓపెన్ చేశారు, 15,660 ఇళ్లు, 117 బ్లాకులు, కొన్ని 11 అంతస్తులు. అలాంటి చోట పొగొస్తే లిఫ్ట్ వాడకూడదు. పిల్లలు, ముసలోళ్లు అందరూ ఆ చీకటి కారిడార్‌లోంచే మెట్ల దాకా పోవాలి. మీ చెప్పుల స్టాండ్ దారిలో ఉండకూడదు కదా. చెప్పులకి ఆరేడు అంగుళాల లోతున్న వంపు తలుపుల రాక్‌లు వస్తాయి. హాల్‌లో మెయిన్ డోర్ వెనక పెట్టుకోండి.

తమ్ముడూ, ఈ నెల జీతంలో ఒక్కటే చేయగలిగితే ఆ సెన్సర్ లైట్లు రెండూ కొను. రంగు వచ్చే నెల వేద్దువు. చేర్యాల బొమ్మల్లో ఏ కథ కావాలో మాత్రం నానమ్మనే అడుగు, అడిగి నాకు మెసేజ్ పెట్టు.