ఉప్పుకండయు పొగయు



ఆదోని, ఎమ్మిగనూరుల చెంతనున్న పెద్దకడుబూరు ప్రాంతమున దేవర జరిగిన మరునాడు, బక్రీదు గడచిన మరునాడు పెక్కిండ్లలో ఒకే పని కనబడును. మిగిలిన పొట్టేటి మాంసమును పొడుగు పట్టెలుగా కోసి, ఉప్పు, పసుపు, కారము పట్టించి దండెమునకు వ్రేలాడదీయుదురు. ఇదియే ఉప్పుకండ. ముసురు పట్టిన దినములలో ఆ దండెమును పొయ్యిమీదికి మార్చుట పూర్వాచారము. మట్టిమిద్దెలో గవాక్షమునకు పోవు పొగదారిన మాంసమును తగిలించి, నల్లబడి గట్టిపడిన పిమ్మట కుండలో దాచెడివారు.

ఇప్పుడా కట్టెలపొయ్యి చాల యిండ్లలో లేదు. 1999లో రాష్ట్రప్రభుత్వపు దీపం పథకము, 2016లో కేంద్రప్రభుత్వపు ఉజ్జ్వల పథకము గ్యాసుపొయ్యిని పల్లెలకు తెచ్చినవి. ఆడువారి కన్నులకును ఊపిరితిత్తులకును అది గొప్ప మేలు. పొగ పోయినదని నేను విచారింపను. అయితే పొయ్యితోపాటు మాంసము ఆరబెట్టు చోటు కూడ పోయినది. కొందరు ఒకపూట ఎండ చూపి, లోపల తడి యుండగనే డబ్బాలో కుక్కి ఫ్రిజ్జును నమ్ముచున్నారు. రాత్రియంతయు కరెంటు లేనినాడు ఆ డబ్బా గతి యేమి? దానిని తిను పిల్లల గతి యేమి?

మాంసమును కాపాడునది పొగయే యని మనలో గట్టి నమ్మకము. ఇది సగము నిజము. పచ్చిమాంసములో నూటికి సుమారు 75 పాళ్లు నీరే. ఆ తడిలోనే సూక్ష్మజీవులు పెరుగును. ఉప్పు ఆ నీటిని వెలికి లాగును, ఎండయు గాలియు దానిని కొనిపోవును. పొగలోని ఫినాలులు, ఆమ్లములు పైపొరను మాత్రమే కాచి, క్రొవ్వు కంపెక్కకుండ కొంత అడ్డుపడును, ఈగలను తోలును. పొయ్యిమీది దండెము ఫలించుటకు అడుగునుండి పూటపూటకు వచ్చిన వెచ్చదనమే ముఖ్యకారణమని నా యభిప్రాయము.

ప్రక్కటెముకల సంగతి వేరు. ఎముకనంటిన కండ ఆలస్యముగ ఆరును, ముందుగ చెడును. డొక్కలను ఆనాడే వండుకొనుట మేలు. అమెరికావారు వీనిని పొగపై నిదానముగ వండుటలో నేర్పరులు. టెక్సాసులో వాడు మెస్కీటు కట్టె మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే. 1877 ప్రాంతమున కడప మండలములోని కమలాపురమున నాటబడి, నేడు మన చెరువులను, బీళ్లను మ్రింగుచున్న చెట్టది! వారు పూర్వము నేలలో గుంట త్రవ్వి, నిప్పులు పరచి, గంటలకొలది కాపలా కాచెడివారు. ఇప్పుడు ఱంపపుపొట్టును గుళికలుగా నొత్తి కాల్చుచు, వేడిని యంత్రమే సరిచూచుకొను పొయ్యిలు వచ్చినవి. సుమారు 110 డిగ్రీల సెంటిగ్రేడు వేడి, ఐదారు గంటల ఓర్పు మాత్రము మారలేదు. 1895 నాటికే కాన్సాసు సిటీలో పొగను ద్రవముగ మార్చి సీసాలలో అమ్మిరి. అది రుచికే గాని నిలువకు కాదు. వారిది ఆపూట తిండి. మనది నెలలు దాచుకొను తిండి. వారి యంత్రము వచ్చినను మన చిక్కు తీరదు.

మరియొక సంగతి. 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన కాన్సరు పరిశోధన విభాగమువారు ఉప్పుతోను పొగతోను నిలువచేసిన మాంసము పెద్దప్రేగు కాన్సరునకు కారణమగునని తేల్చిరి. క్రొవ్వు నిప్పులపై జారి మండగా లేచు పొగ మరియు చెడ్డది. కావున ఉప్పుకండను పండుగ రుచిగనే యుంచుడు, దినదినము వలదు.

చేయునప్పుడు క్రొవ్వు తీసివేసి, పావు అంగుళము మించని పట్టెలు కోయుడు. మందముగ కోసినచో పైన ఎండి లోన కుళ్లును. ఈగ వాలకుండ పలుచని గుడ్డ కప్పి, మిద్దెపై గట్టి ఎండలో మూడు దినములు ఆరబెట్టి, మంచు పడకముందే ఇంటిలోనికి తెచ్చుకొనుడు. వంచినప్పుడు ఫెళ్లున విరుగవలెను. మెత్తగ వంగినచో ఇంకను తడి యున్నదనుట. ముసురు దినములలో ఈ ప్రయత్నమే మాని, మిగిలిన మాంసమును ఇరుగుపొరుగులకు పంచుడు. కూర వండుటకు ముందు వేడినీట నానవైచి, ఆ నీటిని పారబోసి, వేరుగ ఉప్పు వేయకుడు. రక్తపుపోటు గల పెద్దలు ఒకటి రెండు తునకలతో సరిపెట్టుకొందురు గాక.