శంషాబాదు దారి

ఈరోజు పట్టాలు అందుకుంటున్న సివిల్ ఇంజినీర్లకు నా అభినందనలు.

మీలో చాలామంది కొద్ది నెలల్లో ఏదో ఒక రోడ్డు డ్రాయింగు ముందు కూర్చుంటారు. అందుకే ఇవాళ మీతో ఒకే ఒక దారి గురించి మాట్లాడతాను. అది హైదరాబాదు నుంచి శంషాబాదు విమానాశ్రయానికి పోయే దారి.

2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాదుకు మారాయి. నగరం నడుమ ఉన్న విమానాశ్రయం ఊరి బయటికి వెళ్లింది. ప్రయాణం తేలికవుతుందని 2009 అక్టోబరులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే అనే ఫ్లైఓవరు తెరిచారు. పైన పోయేవాళ్లకు సిగ్నళ్ల బాధ తప్పింది. కానీ పైన చివరిదాకా వచ్చిన కార్లన్నీ ఆరాంఘర్ దగ్గర దిగి బెంగళూరు హైవే లారీలతో, జిల్లా బస్సులతో కలవాల్సిందే. మెహదీపట్నం రద్దీలో కొంత ఆరాంఘర్‌కు చేరింది. ఫ్లైఓవరు కట్టొద్దని నేననను. అది దిగే చోట ఏం జరుగుతుందో లెక్క కట్టకుండా డ్రాయింగు మీద సంతకం పెట్టొద్దంటాను.

బండ్లు కలిసే చోటే ఎందుకంత ముఖ్యమో జపాన్‌లో యూకీ సుగియామా బృందం 2008లో ప్రచురించిన ప్రయోగం చూపించింది. 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న గుండ్రటి బాటలో 22 కార్లను ఒకే వేగంతో నడపమన్నారు. ప్రమాదం లేదు, గుంత లేదు, సిగ్నల్ లేదు. అయినా కాసేపటికి కార్లు ఆగిపోసాగాయి. ఒకరు కాస్త బ్రేకు తొక్కితే వెనకవాడు ఇంకాస్త గట్టిగా తొక్కాడు, ఆ వెనకవాడు ఆపేశాడు. రోడ్డు నిండుగా ఉన్నప్పుడు చిన్న కుదుపు చాలు. ర్యాంపు దగ్గర పక్కనుంచి దూరే ప్రతి బండీ అలాంటి కుదుపే. అలాంటి చోట, వెనక ఐదు కిలోమీటర్లు వెడల్పు చేసి లాభం లేదు.

ఇక అవుటర్ రింగు రోడ్డు సంగతి. 158 కిలోమీటర్ల ఈ రోడ్డు లక్ష్యాల్లో ముఖ్యమైనది, ఊళ్లో పనిలేని లారీ ఊళ్లోకి రాకుండా చూడటం. గచ్చిబౌలి నుంచి శంషాబాదు దాకా ఉన్న భాగం 2008లోనే తెరుచుకుంది. ఆ తర్వాత నగరమే రోడ్డు దగ్గరికి నడిచొచ్చింది. నార్సింగి, కోకాపేట, కొల్లూరు వైపు అపార్ట్‌మెంట్లు లేచాయి. 2023 వేలంలో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది. అంత ధర పెట్టి కొన్న నేల మీద అంతస్తులు పెరుగుతాయి, అందరికీ ఆఫీసుకు వెళ్లడానికి అవుటరే దిక్కవుతుంది. ఊరిని తప్పించుకోవడానికి వేసిన రోడ్డు ఊరి వీధిగా మారిపోతోంది. ఇప్పుడు దాదాపు 340 కిలోమీటర్ల రీజినల్ రింగు రోడ్డు తలపెట్టారు. దాని ఇంటర్‌ఛేంజీల చుట్టూ ఏం కట్టనిస్తామో రోడ్డు వేయకముందే తేల్చకపోతే, మీ తర్వాతి తరం మరో రింగు గీయాల్సి వస్తుంది.

మీ క్లాసులో బండ్లను కార్ల లెక్కలో కొలిచే పీసీయూ గురించి చెప్పే ఉంటారు: బస్సు దాదాపు మూడు కార్లతో సమానమని. ఆ లెక్కను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లండి. నిమిషానికొక బస్సు, ఒక్కో దాంట్లో నలభై మంది అనుకుంటే గంటకు 2,400 మంది. అవి తీసుకునే చోటు 180 కార్లది. ఆ 180 కార్లలో ఇద్దరేసి కూర్చున్నా 360 మందే. ఎన్ని బండ్లు పోయాయన్నది కాకుండా ఎంతమంది చేరారన్నది రాస్తే రిపోర్టే మారిపోతుంది.

ఆ మనుషులెవరో కూడా చూడాలి. విమానాశ్రయమంటే ప్రయాణికులు మాత్రమే కాదు. లోడర్లు, సఫాయి కార్మికులు, భద్రతా సిబ్బంది షిఫ్టుల్లో వస్తూ పోతూ ఉంటారు. అవుటర్ ప్రధాన మార్గం మీదికి బైకును రానివ్వరు కాబట్టి, బైకు మీద వచ్చేవాళ్లకు సర్వీసు రోడ్డే గతి. దాని గుంతలకు, దాని చీకటికి మన ప్రాజెక్టు నివేదిక అయిన డీపీఆర్‌లో చోటుండదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

జగిత్యాల నుంచో నిజామాబాదు నుంచో గల్ఫుకు వెళ్లే మనిషి ఒక్కడే విమానం ఎక్కుతాడు, కానీ సాగనంపడానికి ఇంటిల్లిపాదీ బండి మాట్లాడుకుని వస్తారు. మళ్లీ రెండేళ్లకో మూడేళ్లకో కనిపించే మనిషి! వాళ్లను రద్దీ అని తీసిపారేయకండి. విమానాల వేళలకు తగ్గట్టు తమ ఊరి బస్టాండు నుంచి టెర్మినల్ దాకా బస్సుంటే ఎక్కుతారా అని వాళ్లనే అడగండి. అర్ధరాత్రి పిల్లలతో, పెట్టెలతో ఎక్కడ నిలబడాలో, తిరుగు బస్సు ఎన్నింటికో వాళ్లు చెప్తారు. మీ సర్వేలో ఆ గడి కూడా ఉండాలి.

రైలు సంగతి మరీ చేదు. ఎంఎంటీఎస్ లోకల్ రైలు 2023లో ఉందానగర్ దాకా వచ్చింది. అక్కడి నుంచి టెర్మినల్ కొన్ని కిలోమీటర్లే. మెట్రోకు 2022 డిసెంబరులో రాయదుర్గం వైపు నుంచి శంకుస్థాపన చేసి, తర్వాత నాగోలు, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా మార్గం మార్చారు. ఏ మార్గం మేలన్న చర్చ సాగనివ్వండి. ఉందానగర్ స్టేషన్ బయట, రైలు వేళకు ఎదురుచూసే బస్సు పెట్టడానికి మాత్రం ఏ శంకుస్థాపనా అక్కర్లేదు. టైంటేబుల్ కలపాలి, నాలుగు కార్యాలయాలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. మీలో ఎవరైనా ఆ పని చేపడితే, దానికి కావలసిన లెక్కలన్నీ వేసిపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మీ ఆచార్యుల దగ్గర నా ఫోన్ నంబరుంది.