రక్తపుపోటు – మన కర్తవ్యము



విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు ప్రసంగించిన యీ సభయందు ఒక వ్యాధిని గూర్చి మాటలాడుట కొందఱికి వింతగా దోపవచ్చును. కాని సంసారమున కాధారమైన యజమాని నడివయసున పక్షవాతముచే మంచము పట్టినచో, ఆ యింటి బిడ్డల చదువునకు మన వేతన మేపాటి చాలును? అందుచే నీ నాలుగు మాటలు మనవిచేయుచున్నాను.

గుండె నెత్తురును నెట్టునప్పుడు ధమనుల గోడలపై గలుగు ఒత్తిడియే రక్తపుపోటు. గుండె ముడుచుకొనునప్పటి ఒత్తిడి పై సంఖ్య. విశ్రమించునప్పటిది క్రింది సంఖ్య. ఇవి సామాన్యముగా 120, 80 ప్రాంతమున నుండవలెను. పలుమార్లు కొలిచినను పై సంఖ్య 140 గాని, క్రింది సంఖ్య 90 గాని, అంతకు మించి గాని యున్నచో అధికమని వైద్యులు నిర్ణయింతురు.

ఈ వ్యాధికి సాధారణముగా నొప్పి లేదు, జ్వరము లేదు. అదియే దీని కపటము. మనుష్యుడు తిని తిరుగుచుండగనే ధమనులు గట్టిపడును, గుండె అలసిపోవును, మూత్రపిండములు, నేత్రములు చెడును, తుదకు మెదడులోని రక్తనాళము పగులవచ్చును. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు గారికి 1944 మార్చిలో పోటు 186, 108గా కనబడెను. 1945 ఏప్రిల్ 12వ తేదీన ఆయన మెదడున రక్తస్రావమై గతించిరి. అంతటి పదవి యున్నను ఆనాడు తగిన మందు లేకపోయెను. మన దేశపు సర్పగంధి వేరు పోటును తగ్గించునని బొంబాయి వైద్యులు రుస్తుం జాల్ వకీలు గారు 1949లో బ్రిటిషు వైద్యపత్రికయందు ప్రకటించిరి. నేడు అంతకన్న మేలైన మాత్రలు ప్రభుత్వాసుపత్రులలో బీదలకు సైతము లభించుచున్నవి. మందు లేక రూజ్వెల్టు పోయెను. మందుండియు మనము పోవుట న్యాయమా?

ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదని ప్రపంచారోగ్యసంస్థ మతము. ఆవకాయను మానుమనుట లేదు, ముద్దముద్దకును వలదనుచున్నాను. అప్పడములు, ఊరమిరపకాయలును అట్టివే. పొగాకును, మద్యమును విడువుడు, నిత్యము నడువుడు. పోటు తగ్గినదని మాత్ర మానుట, తడియలేదని వానలోనే గొడుగు ముడుచుటవంటిది. వైద్యుని అడుగక మానకుడు.

వయసు వచ్చిన ప్రతివారును ఏడాది కొకమారైన, అయిదు నిమిషములు ఊరక కూర్చుండి, పోటు కొలిపించుకొనవలెను. స్త్రీలు తమ వంతు వెనుకకు నెట్టరాదు. వదాన్యులు ప్రతి శాఖాసంఘమునకు ఒక కొలుచు యంత్రము నొసంగిన, అది యెన్నియో కుటుంబములను నిలుపును.