సంగీతోపాధ్యాయుని స్వభావము – ఉత్సాహక్షయము
(ప్రసంగపాఠము)



సంగీతము వినువారికి విశ్రాంతి. నేర్పువారికి మాత్రము అది శ్రమ. ఈ భేదమును సామాన్యముగా ఎవ్వరును గమనింపరు. పాఠశాలలో సంగీతము చెప్పువాడు తరచుగా ఒక్కడే యుండును. మాయామాళవగౌళలో అవే సరళీస్వరములను తరగతి తరువాత తరగతికి పాడి వినిపింపవలెను; తప్పిన శ్రుతిని దినమంతయు వినవలెను. ఆగస్టు 15కు, జనవరి 26కు, వార్షికోత్సవమునకు పాటలు సిద్ధపరుపవలెను. పరీక్షలు సమీపించినప్పుడు మొదట రద్దగు గంటయు ఆయనదే. ఇట్లు కొన్నియేండ్లు గడచిన పిదప, పాటపై ప్రేమతో ఈ వృత్తిలో చేరినవాడే ఇంట హార్మోనియము ముట్టుట మానివేయును.

ఈ స్థితిని 1974లో అమెరికా మనస్తత్త్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ ‘బర్నవుట్’ అను పేర వివరించెను. తెలుగున ఉత్సాహక్షయ మనవచ్చును. 1981లో క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సనులు దీనిని కొలుచుటకు ఒక ప్రశ్నావళిని ప్రకటించిరి. వారు చూపిన లక్షణములు మూడు: మనస్సు డస్సిపోవుట, శిష్యులవంటి ఎదుటివారియెడ ఆర్ద్రత నశించుట, తన పనివలన ఫలము లేదని తోచుట. ఇది వ్యాధి కాదనియు, చక్కదిద్దబడని పని యొత్తిడివలన కలుగు స్థితి యనియు 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది.

అయినచో ఒకే పనిలో ఒకడు డస్సిపోగా వేరొకడు నిలుచుటకు కారణమేమి? ఇందు స్వభావమునకును పాలు కలదు. చిన్న మాటకే కలతపడి, దానినే రాత్రియంతయు తలపోయువానికి ఈ బాధ యధికమని అనేక వృత్తులయందు జరిగిన పరిశోధనలు తెలుపుచున్నవి. నలుగురితో కలసిమెలసి యుండువారికిని, పనిని క్రమముగా చేసికొనువారికిని ఇది కొంత తక్కువ. మేలైన ప్రమాణము కోరుట వేరు. తప్పునకు భయపడుట వేరు. మొదటిది మనిషిని నిలుపును, రెండవది కృశింపజేయును. సంగీత శిక్షణయే తప్పును పట్టు చెవిని అలవరచును. ఆ చెవి లేనిదే గురువు కాజాలడు. ఆ చెవియే అహర్నిశములు తనపైకి తిరిగినచో గురువు మిగులడు. కావున స్వభావమును నిందించుట తగదు. మంచి గురువునకు కావలసిన గుణమే ఒంటరితనములో భారమగుచున్నది.

ఆ యొంటరితనమునకు విరుగుడు మన ప్రాంతపు కళలలోనే కానవచ్చును. కరీంనగరు సీమ ఒగ్గుకథలో ప్రధాన కథకుడు పాట నెత్తుకొనగా వెనుకవారు వంత పాడుదురు, డోలు వాయింతురు. ఆ వ్యవధిలో కథకుని గొంతు తెప్పరిల్లును. ఆదిలాబాదు గోండు గూడెములలో దీపావళివేళ జరుగు దండారిలో పిల్లలు పెద్దల నడుమ ఆడుచునే నేర్తురు. 2021లో పద్మశ్రీ ప్రకటింపబడి, 2024లో మరణించిన మార్లవాయి గుస్సాడి కనకరాజు అట్టి సంప్రదాయమున వెలసిన గురువు. ఈ కళాకారులకు అలసట లేదని కాదు. నేర్పు భారము ఒక్కని భుజములపైననే నిలువదని భావము.

పాఠశాల గురువునకు అట్టి వంత లేదు. దానిని సమకూర్చుట ఊరివారి చేతిలోని పని. సంగీతపు గంటను ఇతర పాఠములకు లాగుకొనకుండుట మొదటి మెట్టు. ఉత్సవమునాడు తప్పిన ఒక్క చరణమును ఎంచుటకు బదులు, బాలురు ఎంత నేర్చిరో గురువునకు తెలియజెప్పుట రెండవది. ఇరుగుపొరుగు గ్రామముల సంగీతోపాధ్యాయులు నెలకొక సాయంకాలము కలిసికొని, పాఠముకొరకు గాక తమ సంతోషముకొరకు పాడుకొనుటకు గ్రంథాలయము తన చావడి నిచ్చుట మూడవది. దీనికి చాపయు దీపమును తప్ప వ్యయమేమియు లేదు.

పుస్తకము చినిగినచో వేరొక ప్రతిని తెప్పింపవచ్చును. పల్లెలో పాట నేర్పు ఒక్క గొంతు మూగవోయినచో, దానికొరకు వేచియున్న బాలునకు రెండవ గొంతు దొరకుట దుర్లభము.