చార్జిషీటు చేతికి వచ్చిన నాడు

(శాఖా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



సంఘ కార్యాలయమునకు ఆందోళనతో వచ్చు సభ్యుని చేతిలో తరచుగా ఒక చార్జిషీటు ఉండును. తేదీ చూచినచో నెల దాటి ఉండును. “నేను తప్పు చేయలేదు గదా, జవాబెందుకని ఊరుకున్నాను” అని ఆయన చెప్పును. మేము చూచినంతలో, ఆరోపణ కంటె ఆ ఊరుకొనుటయే ఎక్కువ కీడు చేయుచున్నది.

మన ఉద్యోగమునకు మొదటి రక్ష రాజ్యాంగములోని 311వ అధికరణము. ఆరోపణ తెలిపి, సమాధానము చెప్పుకొనుటకు తగిన అవకాశమిచ్చి, విచారణ జరిపిన పిమ్మటనే ఉద్యోగిని తొలగించుటగాని, హోదా తగ్గించుటగాని చేయవలెను. ఆ పద్ధతిని రైల్వేలో 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నియమావళి, తపాలాశాఖలో 1965 నాటి సి.సి.ఎస్. (సి.సి.ఎ.) నియమావళి నిర్దేశించుచున్నవి. నాడు ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లనబడిన గ్రామీణ తపాలా సోదరులకు సైతము ఈ రక్ష కలదని 1977లో పి.కె. రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

మినహాయింపులును కలవు. విచారణ ఆచరణసాధ్యము కాదని అధికారి కారణములు వ్రాసి, విచారణ లేకయే తొలగించవచ్చును. 1985లో తులసీరాం పటేల్ కేసులో సుప్రీంకోర్టు దీనిని సమర్థించినది. అయినను ఆ కారణములను అప్పీలులోను, న్యాయస్థానములోను ప్రశ్నించు హక్కు మనకు మిగిలియే ఉన్నది.

ఇక చేయవలసిన పనులు. చార్జిషీటును నిరాకరింపక తీసికొని, అందిన తేదీ వ్రాసికొనవలెను. గడువు లోపల లిఖితపూర్వకముగా జవాబిచ్చి, ఆధారపత్రములు చూపుడని కోరవలెను. విచారణలో సహాయకుని ఎన్నుకొనవలెను. రైల్వేలో గుర్తింపు పొందిన సంఘ బాధ్యుడు, తపాలాలో మరియొక ప్రభుత్వోద్యోగి ఆ పని చేయవచ్చును. విచారణాధికారి నివేదిక ప్రతి, అడిగినను అడుగకున్నను, శిక్షకు ముందే ఉద్యోగికి ఈయవలెనని 1993లో మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించినది. అయితే ప్రతి అందనందువలన తనకు నష్టము కలిగినదని చూపవలసి ఉండును.

సస్పెన్షన్‌లో ఉన్నవారికి జీవనభృతి లభించును. వేరెక్కడను పనిచేయుటలేదను ధ్రువపత్రమును సకాలమున ఈయవలెను. మూడు నెలలు దాటి, జాప్యము ఉద్యోగి వలన కానిచో, భృతిని సగము వరకు పెంచుటకు అవకాశము కలదు. ఆ పెంపును వ్రాతపూర్వకముగా అడుగవలెను.

శిక్ష పడినచో 45 దినములలో అప్పీలు చేయవలెను. అప్పీలు తోసివేయబడినచో సంవత్సరము లోపల కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌కు పోవలెను. ఆరు నెలలైనను జవాబు రాకున్నచో, అప్పటినుండి సంవత్సరము గడువుండును. వినతిపత్రముపై వినతిపత్రము పెట్టినంతమాత్రమున ఆ గడువు పెరుగదు. ఈ సంగతిని ఎస్.ఎస్. రాథోడ్ కేసులో 1989లోనే సుప్రీంకోర్టు చెప్పినది.

అందుచేత ప్రతి శాఖలోను ఒక రిజిస్టరు పెట్టుడు. సభ్యుని పేరు, కాగితము అందిన తేదీ, గడువు ముగియు తేదీ అందులో వ్రాయుడు. ప్రతి సమావేశమున ముందుగా దానినే చదువుడు. చార్జిషీటు ఒక్కరి పేరనే వచ్చును, పస్తు ఇంటిల్లిపాదికిని వచ్చును. ఆ ఇంటికి ఒక్క తేదీ గుర్తుచేయుట మన సంఘమునకు భారము కారాదు.