డబ్బా మనదే, పిల్లగాళ్లూ మనోళ్లే



ఉస్మానియా క్యాంపస్ నుంచి తార్నాక దాకా ఉన్న డబ్బాల్లో కొన్ని మన సభ్యులవే, సంఘం అప్పుతో పెట్టినవే. పిల్లలు సిగరెట్లు తాగుతున్నారని మీటింగుల ఏడ్చినం. విడి సిగరెట్ అమ్మిందీ మనమే. 2003 చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మొద్దు. బడికి, కాలేజీకి 100 గజాల లోపల ఎవరికీ అమ్మొద్దు.

"అవి తీసేస్తే కిస్తీ ఎట్ల కట్టాలె?" అని ఒక అక్క అడిగింది. నిజమే కదా. ఆమెకు గడువు పెంచినం. ఇప్పుడు చాయ్, బజ్జీలు అమ్ముతోంది. పాత గిరాకీ ఇంకా రాలేదు.

ఇక ఇంటి సంగతి. కొడితే పిల్లగాళ్లు దాచుకొని తాగుడు నేర్చిన్రు. ఇప్పుడు పక్కన కూర్చొని 1800-11-2356కు ఫోన్ చేయిస్తున్నం, పైసలు పడవు. మానిన మొదటి రోజుల్లో చిరాకు పడతరు. ఆ వారం అన్నం పెట్టి ఊకుండాలె.